కరువుకు పేరు పెట్టిన మనుషులు

మీరు అడిగింది ఇది: పాతకాలపు ఆఫ్రికాలో వానలు ముఖం చాటేసినప్పుడు, పశువులు తుడిచిపెట్టుకు పోయినప్పుడు అక్కడి జనం ఏం చేసేవారు? వలసపోవడం, చచ్చిపోవడం తప్ప వేరే దారి ఉండేదా? సహారా లాంటిది నిదానంగా ఎండిపోతుంటే ఆ సంగతి వాళ్లకు తెలిసేదా?

నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మన మేష్టార్లు ఇథియోపియా కాలేజీలకు వరసగా వెళ్తున్న రోజుల్లో నేనూ వెళ్లి, ఆ దేశపు దక్షిణాన అర్బా మించ్‌లో ఆరేళ్లు ఉన్నాను. అందుకని ఈ జవాబులో ఇథియోపియా కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, మన్నించండి. ఒక సంగతి ముందే చెప్పుకుందాం. ‘ఆఫ్రికా’ అని ఒకే మాటలో అంటున్నాం గానీ, కైరో నుంచి కేప్‌టౌన్ దాకా ఉన్న నేలకు ఒకే జవాబు ఉండదు. నాకు బాగా తెలిసిన నాలుగైదు చోట్ల గురించే చెబుతాను.

ముందు పేర్లతో మొదలుపెడతాను. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును మనవాళ్లు నందన కరువన్నారు. 1876-78లో వచ్చినదాన్ని ధాత కరువన్నారు. సంవత్సరం పేరే కరువు పేరై కూర్చుంది. ఆఫ్రికాలోనూ చాలాచోట్ల కరువుకు పేరు పెట్టే అలవాటుంది, కాకపోతే అక్కడి పేర్లలో కసి ఎక్కువ. 1800 ప్రాంతంలో ఇప్పటి దక్షిణాఫ్రికా తూర్పు తీరాన జూలూల పూర్వీకుల్ని పీడించిన కరువు పేరు ‘మద్లతూలె’. దొరికింది తిను, నోరు మూసుకో అని దాని భావం. పక్కింటివాడికి తెలిస్తే పంచాలి కదా! రువాండాలో 1943-44 కరువును ‘రుజగయుర’ అంటారు. కెన్యాలోని కికుయు ప్రజలు 1898-1900 నాటిదాన్ని ‘ంగరాగు యా రురాయా’ అన్నారు, అంటే యూరప్ కరువు. ఆ పేరు ఎందుకు పడిందో చివర్లో చెబుతాను, అది పెద్ద కథ.

ఈ పేర్లు కేవలం జ్ఞాపకాలైతే చరిత్రకారులు పెద్దగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. చాలాకాలం తీసుకోలేదు కూడా. ముసలివాళ్లు చెప్పే కథలని పక్కన పెట్టారు. తరవాత కెన్యాలోని నైవాషా సరస్సు అడుగున పేరుకున్న బురదను గొట్టాలు దింపి తీసి, పొరలు పొరలుగా చదివారు. 1,100 ఏళ్ల తడీ పొడీ అందులో ఉంది. 1390-1420, 1560-1625, 1760-1840 మధ్య మూడు దీర్ఘ అనావృష్టి కాలాలు తేలాయి. తూర్పు ఆఫ్రికా తెగలు నోటి కథల్లో చెప్పుకునే ఆకలి, వలస, యుద్ధం ఉన్న కాలాలు దాదాపు వాటి మీదే పడ్డాయి. మధ్యలో పచ్చగా ఉన్న కాలాలు జనం స్థిరపడి, రాజ్యాలు కట్టుకున్న కాలాలతో కలిశాయి. ముసలివాళ్ల మాటను సరస్సు బురద బలపరిచిందన్నమాట. అప్పటి నుంచి నేను తరగతిలో ‘మౌఖిక సంప్రదాయం నమ్మదగినదేనా’ అనే ప్రశ్న ఇవ్వడం మానేశాను.

ఇక సహారా. ఈ జవాబులో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. సుమారు 11,000 ఏళ్ల కిందటి నుంచి 5,000 ఏళ్ల కిందటి వరకు సహారాలో చాలా భాగం గడ్డి మైదానం. చాద్ సరస్సు అప్పట్లో ఒక లోతట్టు సముద్రమంత ఉండేది. అల్జీరియాలోని తస్సిలి కొండల మీద ఆవుల మందలు, నీటి గుర్రాలు గీసి ఉన్నాయి. ఈజిప్టు నైరుతి మూలన, ఇప్పుడు చుక్క నీరు దొరకని చోట, ఒక గుహలో ఈదుతున్నట్టు కనిపించే మనుషుల బొమ్మలున్నాయి. ఆ పచ్చదనం ఒక్క రోజులో పోలేదు. ఒక్కోచోట ఒక్కోలా, వందల ఏళ్లు పట్టి పోయింది. ఏ తరమూ ‘ఎడారి వస్తోంది’ అని అనుకుని ఉండదు. మా తాత రోజుల్లో ఈ చెరువు వేసవి దాకా ఉండేదట, ఇప్పుడు సంక్రాంతికే అడుగంటుతోంది అని మన పల్లెల్లో అనుకుంటాం చూడండి, వాళ్లకు కూడా అలాగే తెలిసి ఉంటుంది.

అలా తెలిసినప్పుడు వాళ్లు చేసిన పనులు నేల మీద మిగిలాయి. అబూ సింబెల్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో నబ్తా ప్లాయా అనే చోటుంది. వానాకాలంలో నీరు నిలిచే పల్లం. అక్కడ ఏడెనిమిది వేల ఏళ్ల కిందటే మెట్టు మెట్టుగా దిగి నీళ్లు తోడుకునే బావులు తవ్వారు. ఆవును మనిషిని పూడ్చినట్టు గది కట్టి పూడ్చారు. ఆవుకి అంత మర్యాద ఎందుకో లిబియాలోని తకర్కోరి రాతి గుహలో దొరికిన కుండ పెంకులు చెబుతాయి. సుమారు ఏడు వేల ఏళ్ల నాటి ఆ పెంకులకు పాల కొవ్వు ఇంకి ఉంది. ఆవును కోస్తే ఒక్కసారి తింటారు. పిండితే ఏళ్ల తరబడి తాగుతారు. గడ్డి ఎక్కడుంటే అక్కడికి ఆ తిండి తనంతట తానే నడిచి వస్తుంది. ఎండుతున్న నేల మీద అంతకంటే తెలివైన ధాన్యపు కొట్టు ఏముంటుంది? ప్రపంచంలో చాలాచోట్ల మొదట పంట, తరవాత పశువు వచ్చాయి. ఆఫ్రికాలో పశువు ముందు వచ్చింది, పంట వేల ఏళ్ల తరవాత వచ్చింది. ఇది వెనకబాటని పాత పుస్తకాలు రాశాయి. వాన నమ్మకం లేని చోట విత్తు నాటి దాని పక్కనే కూర్చోవడం ఎంత ప్రమాదమో అనంతపురం రైతును అడిగితే చెబుతాడు.

ఆ పంట వచ్చిన తీరు కూడా మనకు దగ్గరి విషయమే. ఎడారి దక్షిణానికి జరుగుతుంటే దానితోపాటే జరిగిన పశువుల కాపరులు ఇప్పటి మాలి దేశంలోని తిలెమ్సి లోయలో సుమారు 4,500 ఏళ్ల కిందట సజ్జను సాగులోకి తెచ్చారు. ఇసుక నేలలో, రెండు మూడు వానలతో, మూడు నెలల లోపు చేతికొచ్చే గింజ. జొన్న తూర్పు సూడాన్ గడ్డి నేలల్లో మచ్చికైంది. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో పుట్టింది. అలసంద పశ్చిమ ఆఫ్రికాది. ఇవన్నీ సముద్రం దాటి మన దేశానికి వచ్చాయి. సజ్జ అయితే క్రీస్తు పూర్వం రెండో సహస్రాబ్దికే వచ్చేసింది. తెలంగాణ జొన్న రొట్టె, రాయలసీమ రాగి సంగటి మనవేనని మనం గట్టిగా నమ్ముతాం. తప్పేమీ లేదు, మూడు వేల ఏళ్లు తిన్నాక మనవే. కానీ వాటి పుట్టుక వెనక ఎవరో ఎండిపోతున్న నేల మీద నిలబడి, ఏ గడ్డి గింజ చివరిదాకా తట్టుకుంటుందా అని చూసిన చూపు ఉంది.

మాలిలోనే నైగర్ నది లోతట్టు డెల్టాలో జెన్నె-జెనో అనే పాత పట్టణపు దిబ్బ ఉంది. క్రీస్తు పూర్వం 250 ప్రాంతంలో మొదలై క్రీస్తు శకం 1400 దాకా జనం ఉన్నారు. పట్టణమంటే రాజుగారి కోట ఉంటుందని అనుకుంటాం. అది దొరకలేదు. దొరికింది పెద్ద దిబ్బ ఒకటి, దాని చుట్టూ నాలుగు కిలోమీటర్ల లోపు డెబ్బై దాకా చిన్న దిబ్బలు. కమ్మరులు ఒక దిబ్బ మీద, చేపలు పట్టేవాళ్లు ఇంకోదాని మీద, అలా పని పని వేరుగా ఉన్నారని తవ్వినవాళ్ల అంచనా. అక్కడ వరద ఏడాదికో రకంగా వస్తుంది. ఎక్కువొస్తే చేపలవాడికి పండగ, వరివాడికి నష్టం. తక్కువొస్తే పశువులవాడికి గడ్డి మేత ముందే దొరుకుతుంది. అందరూ ఒకే పని చేస్తే అందరూ ఒకే ఏడు మునుగుతారు. వేర్వేరు పనులవాళ్లు పక్కపక్కన ఉండి, ఒకరి సరుకు ఒకరు తింటే ఊరు మొత్తం ఒకేసారి ఆకలితో పడదు. ఇప్పటికీ ఆ ప్రాంతంలో బోజోలు చేపలవాళ్లు, మార్కాలు వరివాళ్లు, ఫులానీలు పశువులవాళ్లు. అక్కడి తెగల మధ్య పరాచికాల చుట్టరికం ఒకటి నడుస్తుంది. మన బావామరదుల మధ్య వేళాకోళం లాంటిదే, కాకపోతే తెగకీ తెగకీ మధ్య. ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు, కష్టం వస్తే కాదనకూడదు. వినడానికి సరదాగా ఉంటుంది గానీ, కరువులో అది ఆహార భద్రత చట్టం చేసే పని చేస్తుంది.

జెన్నె-జెనోను వదిలేసిన జనం మూడు కిలోమీటర్ల దూరంలోని ఇప్పటి జెన్నెలో చేరారు. దక్షిణాన మహా జింబాబ్వే రాతి నగరం పదిహేనో శతాబ్దంలో ఖాళీ అయితే అధికారం ఉత్తరాన ముతాపా రాజ్యానికి, పడమర ఖామీకి జరిగింది. ఇలాంటివాటికి ఇంగ్లీషు పుస్తకాలు ‘పతనం’ అని అధ్యాయం పేరు పెడతాయి. నాకు ఆ మాట నచ్చదు. మట్టి అలిసింది, కట్టెలు దూరమయ్యాయి, వర్తకం దారి మళ్లింది, మూటాముల్లే సర్దుకుని ఇంకోచోట కట్టుకున్నారు. ఇల్లు మారినవాడు చచ్చిపోయాడని మనం అనం కదా.

కదలకుండా నిలబడినవాళ్ల గురించి అడిగితే మాత్రం నేను కొన్సో పేరు చెబుతాను. అర్బా మించ్ నుంచి దక్షిణంగా బస్సులో రెండు గంటల పైచిలుకు. అంతా నల్లరాయి కొండలు, వాన తక్కువ, కురిస్తే ఒక్కసారిగా కురిసి మట్టిని ఈడ్చుకుపోతుంది. కొన్సోలు ఆ కొండల్ని అడుగు నుంచి నెత్తి దాకా రాతి గోడలతో మెట్లు కట్టేశారు. కొన్నిచోట్ల గోడ అయిదు మీటర్ల ఎత్తుంటుంది. నాలుగు వందల ఏళ్లకు పైబడి, ఇరవై ఒక్క తరాల పని అని లెక్క. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేను మొదటిసారి వెళ్లింది ఒక పెద్ద వాన మర్నాడు. ఒక ముసలాయన జారిన గోడ దగ్గర కూర్చుని రాళ్లను ఏరుతున్నాడు. రాయిని చేతిలో తిప్పి చూడటం, గోడలో పెట్టడం, తీయడం, ఇంకో వైపు తిప్పి పెట్టడం. సున్నం లేదు, బంకమట్టి లేదు. ఈ గోడ ఎవరు కట్టారని నా విద్యార్థి చేత అడిగించాను. ‘మా నాన్న కట్టాడు, పోయిన వానకి నేను కట్టాను, ఈ వానకి మళ్లీ నేనే కడుతున్నాను’ అన్నాడు. ఆయన దృష్టిలో గోడ కట్టి ముగించేది కాదు, ఇంట్లో కసవు ఊడ్చినట్టు చేస్తూ ఉండాల్సింది.

దగ్గరికెళ్లి చూస్తే ఇంకా ఉన్నాయి. జొన్న కోశాక దంటు పారేయరు, వరసలుగా పరిచి మట్టి ఎగదోసి చిన్న చిన్న మళ్లు చేస్తారు. ఒక్క చేలోనే జొన్న రకాలు నాలుగైదు, మధ్యలో చిక్కుళ్లు, పత్తి, కంది. కంది ఇటు నుంచి అటు వెళ్లిన పంట, లెక్క సరిపోయింది. ఒక్కో ఇంటికి పొలం ఒకేచోట ఉండదు, కొండ కింద ఒక ముక్క, పైన ఒక ముక్క. కింద వాన తప్పితే పైన పడుతుందని. చేలో అక్కడక్కడ మునగ చెట్లు. మన మునగకు వరసకు అక్కో చెల్లెలో అయ్యే జాతి, కాండం లావు, ఆకు పెద్దది. కాయ కోసం కాదు, ఆకు కోసం పెంచుతారు. జొన్న పిండి ఉండలు చేసి ఆ ఆకుతో కలిపి ఉడకబెడితే దాని పేరు కుర్కుఫా. వానలు లేని నెలల్లోనూ ఆ చెట్టు ఆకు వేస్తుంది. నాకు పెట్టినప్పుడు మా ఇంటి మునగాకు కూరే గుర్తొచ్చింది, ఉప్పు కాస్త తక్కువ. ఊరి నీటి గుంటల్ని అందరూ కలిసి పూడిక తీస్తారు. పద్దెనిమిదేళ్లకోసారి ఒక తరం చేతుల్లోంచి ఇంకో తరానికి ఊరి బాధ్యత మారుతుంది, గుర్తుగా ఊరి నడుమ పొడవాటి దుంగ నిలబెడతారు. ఆ దుంగలు లెక్కపెడితే ఊరి వయసు తెలుస్తుంది.

అర్బా మించ్‌కు పైన కొండల మీద దోర్జే ఊళ్లున్నాయి. అక్కడి తిండి ఎన్సెట్. చూస్తే అరటి తోటే అనుకుంటాం, నేనూ అనుకుని గెల కోసం వెతికాను. తినే గెల వేయదు. తినేది బోదె, దుంప. ఆడవాళ్లు ఆ బోదె పొరల్ని ఏటవాలు పలక మీద పెట్టి, కాలితో అదిమి, వెదురు బద్దతో గీకి గుజ్జు తీస్తారు. ఎన్సెట్ ఆకులు పరిచిన గోతిలో ఆ గుజ్జును పూడ్చి పులియబెడతారు. నెలలు, కావాలంటే ఏళ్లు అలాగే ఉంచవచ్చు. గొయ్యి తెరిచినప్పుడు వచ్చే వాసనకు నేను రెండడుగులు వెనక్కి వేశాను. రొట్టె కాల్చి తేనె, కారం పెట్టి ఇచ్చాక ముందుకొచ్చాను. ఎన్సెట్‌కు కోత కాలం అంటూ లేదు. నాలుగేళ్లు నిండిన మొక్కను ఏ నెలలో కావాలంటే ఆ నెలలో కొట్టుకోవచ్చు. వాన ఒక ఏడాది తప్పినా చెట్టు నిలబడే ఉంటుంది. ఇప్పటికీ ఇథియోపియాలో రెండు కోట్ల మందికి అది ముఖ్యమైన తిండి. దానికి కావాల్సిందల్లా పేడ ఎరువు, అంటే మళ్లీ ఆవు. ఈ మాట గుర్తుంచుకోండి.

గింజ, గోడ, గొయ్యి కాక ఇంకో రకం నిల్వ ఉంది. అది మనుషుల్లో దాచుకునేది. బోత్స్వానా వైపు త్స్వానాలు తమ ఆవుల్ని అన్నింటినీ తమ దొడ్లో ఉంచుకునేవారు కాదు. దూరపు ఊళ్లలో లేనివాళ్లకు ‘మఫిసా’ కింద ఇచ్చేవారు. పెంచుకున్నవాడికి పాలు, ఎప్పుడైనా ఒక దూడ. మన ఊళ్లలో గేదెను పాలికివ్వడం తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. ఒకచోట రోగం వస్తే ఇంకోచోట మంద మిగులుతుంది. మసాయిలది ఇంకా లోతైన ఏర్పాటు, ‘ఒసోతువా’. ఆ మాటకు అసలర్థం బొడ్డుతాడు. తెలుగులో పేగుబంధం అంటే సరిగ్గా సరిపోతుంది. నీకు నిజంగా అవసరమైనప్పుడే అడగాలి, అవసరమైనంతే అడగాలి. అవతలివాడు తన దగ్గరుంటే ఇచ్చి తీరాలి. ఇచ్చినదానికి లెక్క రాయరు, తిరిగి అడగరు. ఎవరు ఎవరికెంత బాకీ అన్న మాటే రాదు. బ్యాంకు అప్పుల లెక్కతో దీన్ని కొలవబోయిన దొరలకు ఇది అర్థం కాలేదంటే ఆశ్చర్యం లేదు.

రాజ్యం ఉన్నచోట ఏమైందో చూడాలంటే ఈజిప్టుకు వెళ్లాలి. అక్కడ ప్రాణం నైలు వరద మీద. పిరమిడ్లు కట్టిన పాత రాజ్యం సుమారు 4,200 ఏళ్ల కిందట కూలినప్పుడు వరదలు తక్కువొచ్చిన కాలం ఒకటి దానితో కలిసింది. అప్పటి ప్రాంతీయ అధికారి అంఖ్తిఫి సమాధి లక్సర్‌కు దక్షిణాన మోఅల్లాలో ఉంది. ఎగువ ఈజిప్టు అంతా ఆకలితో చస్తోంది, జనం తమ పిల్లల్నే తినే దాకా వచ్చింది, నా జిల్లాలో మాత్రం ఎవర్నీ ఆకలికి చావనివ్వలేదు అని గోడ మీద రాయించుకున్నాడు. ఎన్నికల కరపత్రం చదివినట్టే చదవాలి దాన్ని. అయినా ఒక సంగతి తెలుస్తుంది. రాజధాని చేతులెత్తేసినప్పుడు జిల్లా స్థాయిలో గింజ ఎవరి చేతిలో ఉందో వాడే రాజు.

మూడు వేల ఏళ్ల తరవాత కైరోలో, 861లో రోదా దీవి మీద కట్టిన నీటి కొలత బావి ఇప్పటికీ ఉంది. నడుమ రాతి స్తంభం, దాని మీద మూరల గుర్తులు. నీరు పదహారు మూరలు చేరితే ఊరంతా పండగ, కాలువ గండి కొట్టేవారు, రైతు మీద శిస్తు పడేది. చేరకపోతే శిస్తు నిలిచేది. ప్రకృతి కొలతకు పన్నును ముడిపెట్టడం మంచి ఏర్పాటే. కానీ ఆ స్తంభం మీద నీరు తగ్గిందన్న వార్త పొక్కితే చాలు, పంట కోతకు ఆరు నెలల ముందే వర్తకులు గింజను దాచేసేవారు. 1065 నుంచి 1072 దాకా ఖలీఫా అల్ ముస్తన్సిర్ కాలంలో వచ్చిన కరువు అలా మొదలై, సైన్యంలో ముఠాల కొట్లాటతో ముదిరి, ఖలీఫా ఖజానాను సొంత సైనికులే దోచుకునేదాకా పోయింది. సిరియా వైపు నుంచి బద్ర్ అల్ జమాలీ అనే సేనాని వచ్చి ముఠాల్ని అణిచాక గానీ దేశం తేరుకోలేదు. గమనించండి, నైలు బాగానే వచ్చిన ఏళ్లలోనూ కరువు పోలేదు.

ఈ ముడిని విప్పి చెప్పినవాడు అల్ మక్రీజీ. కైరోలో బజారు తనిఖీ అధికారిగా పనిచేసిన చరిత్రకారుడు. 1403లో నైలు తగ్గి కరువొచ్చింది, కొద్దికాలానికే ఆయన ఈజిప్టు కరువుల మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. దైవాగ్రహం అని సరిపెట్టుకోలేదు. మూడు కారణాలు చెప్పాడు. లంచమిచ్చి పదవి కొన్నవాడు ఆ సొమ్మును జనం దగ్గర పిండుకోవడం, భూమి కౌలు పెరిగిపోవడం, వెండి బంగారాలు పోయి రాగి నాణేలు వెల్లువెత్తడం. నీరు తగ్గడం ఎప్పుడూ ఉన్నదే, ఈసారి తట్టుకోలేకపోయింది వీటి వల్ల అన్నాడు. ఆరు వందల ఏళ్ల కిందటి మాట. గింజల ధర రోజూ చూసి, తూనికరాళ్లు తనిఖీ చేసినవాడు కాబట్టి అంత సూటిగా రాయగలిగాడని నా అనుమానం.

ఇదంతా చదివి పూర్వం అంతా బాగుండేదని అనుకోకండి. కరువులో బిడ్డను గింజలకు కుదువ పెట్టడం చాలా సమాజాల్లో ఉంది. తిరిగి విడిపించుకుంటామని పెట్టేవారు, చాలామంది విడిపించుకోలేకపోయేవారు. అట్లాంటిక్ తీరాన ఓడలు ఆగి ఉన్న శతాబ్దాల్లో అంగోలా అనావృష్టి ఏళ్లు బానిసల వర్తకులకు మంచి రాబడి ఏళ్లు. వాన కురిపించే బాధ్యత నెత్తిన పెట్టుకున్న పెద్దలకు వాన తప్పితే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు దక్షిణ సూడాన్ వైపు ఉన్నాయి. పక్క తెగ మంద మీద పడి తోలుకురావడం కూడా కరువుకు ఒక జవాబే.

తప్పటడుగు వేసిన కథ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. దక్షిణాఫ్రికాలో ఖోసా ప్రజలు. 1853లో యూరప్ నుంచి దిగుమతైన ఎద్దులతో మోసెల్ బే రేవులో ఊపిరితిత్తుల రోగం దిగింది. అప్పటికే బ్రిటిష్ వాళ్లతో వరస యుద్ధాలు, అప్పుడే ముగిసిన ఎనిమిదోది అన్నింటికంటే ఘోరం. నేల పోయింది. ఆవు మీదే పెళ్లి, పరువు, పాలు అన్నీ నిలిచిన సమాజంలో ఆవు దగ్గి దగ్గి చస్తోంది. 1856లో ఘరా నది ఒడ్డున నోంగ్‌కవూసె అనే పదిహేనేళ్ల పిల్లకు పూర్వీకులు కనిపించి, ఉన్న పశువులన్నీ మైలపడ్డాయి, కోసేయండి, గింజలు పారబోయండి, విత్తకండి, కొత్త మందలతో మేము లేచి వస్తాం అని చెప్పారట. రాజు సర్హిలి నమ్మాడు. నాలుగు లక్షల పశువుల్ని కోశారు. చెప్పిన రోజు వచ్చింది, సూర్యుడు మామూలుగానే పొడిచి మామూలుగానే కుంకాడు. నలభై వేల మంది ఆకలితో పోయారు.

దీన్ని మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. రోగం సోకిన మందను కోసేయడం ఇవాళ్టి పశువైద్యుడు కూడా చెప్పే పనే. ఎలాగూ చచ్చే ఆవును ముందే కోయమన్నప్పుడు అది అంత వెర్రిగా వినిపించి ఉండదు. వేరే సమయంలో అయితే ఓడినవాడు చుట్టాల దగ్గరికో కొత్త నేలకో పోయేవాడు. ఇక్కడ ఒకవైపు సముద్రం, ఇంకోవైపు బ్రిటిష్ కోటలు. పోయే చోటు లేదు. ఆ తరవాత గవర్నర్ జార్జ్ గ్రే చేసిన పని చూడండి. తెల్లవాళ్లలోనే కొందరు దయగలవారు గంజి పోయడానికి కమిటీ పెడితే దాన్ని అడ్డుకుని, తిండి కావాలంటే తెల్ల వలసదారుల పొలాల్లో కూలికి రాసుకోవాలన్నాడు. బ్రిటిష్ అధీనంలోని ఖోసా ప్రాంతంలో 1857 మొదట్లో 1,05,000 మంది ఉండగా, 1858 చివరికి 27,000 కంటే తక్కువ మిగిలారు. అందరూ చావలేదు, చాలామంది కూలీలయ్యారు. నేల ఖాళీ అయింది.

ముప్ఫై ఏళ్ల తరవాత ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 1887లో ఎర్ర సముద్రపు రేవు మస్సావాలో ఇటలీ సైన్యం కోసం దింపిన పశువులతో ముసర వ్యాధి ఆఫ్రికాకు వచ్చింది. ఇథియోపియాలో పది ఆవుల్లో తొమ్మిది పోయాయి. అది నాగలి దేశం, ఎద్దు లేకపోతే అరక కదలదు, పేడ లేకపోతే ఎన్సెట్ తోట నీరసిస్తుంది. దానికి తోడు వానలు తప్పాయి, మిడతలు పడ్డాయి. 1888-92 మధ్య కాలాన్ని ‘కిఫు కెన్’, చెడ్డ రోజులు, అంటారు. నేను పాఠం చెప్పిన ఊళ్లో ముసలివాళ్లు ఆ మాట నేనున్న రోజుల్లోనూ గొంతు తగ్గించి పలికేవారు. మెనెలిక్ చక్రవర్తి కొట్లు తెరిపించాడు, ఎద్దుల్లేవు కాబట్టి చేతులతో తవ్వండని చెప్పి తానే గునపం పట్టి నేల తవ్వి చూపించాడు. చక్రవర్తి మట్టి తవ్వడం ఆ దేశంలో అప్పటికి ఊహకు అందని పని. అదే చక్రవర్తి దక్షిణాది తెగల మందల మీదికి సైన్యాన్నీ తోలాడు. రెండూ ఒకే కరువుకు ఇచ్చిన జవాబులే.

రోగం కెన్యా వైపు దిగి మసాయిల మందల్ని తుడిచేసింది. వాళ్లు ఆ కాలానికి ‘ఎముతాయ్’ అని పేరు పెట్టారు, సర్వనాశనం అని. వెనకే మశూచి. పేగుబంధం ఉన్న ప్రతి ఇంటికీ అదే గతి పట్టింది. అందరి ఆవులూ ఒకేసారి చస్తే ఎవరు ఎవరికివ్వాలి? అయినా ఇంకో దారి మిగిలింది. పొరుగున ఉన్న కికుయులు రైతులు. యుద్ధాలు చేసుకున్నా, పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. మసాయి ఆడవాళ్లు, పిల్లలు ఆ ఇళ్లలో తలదాచుకున్నారు. కొందరిని కుదువ పెట్టారు, కొందరు అక్కడే కికుయులైపోయారు.

తరవాత వంతు కికుయులది. 1898లో వానలు తప్పాయి, మశూచి వచ్చింది, అదే సమయంలో రైలు దారి వేస్తున్న బ్రిటిష్ వాళ్ల గుంపులకు గింజలు అమ్ముడుపోయి కొట్లు తరిగిపోయాయి. యూరప్ కరువన్న పేరు అందుకు. నైరోబీ పక్కనున్న కియాంబు వైపు జనం ఎప్పుడూ చేసేదే చేశారు. కొండలకు ఉత్తరాన మురంగా, న్యేరి వైపు మేనమామల ఇళ్లకు, అత్తవారి ఊళ్లకు వెళ్లిపోయారు. వానలు పడ్డాక వెనక్కి రావాలని, చేలను అలాగే వదిలి వెళ్లారు. 1903 నుంచి అక్కడ దిగిన తెల్ల వలసదారులు అది ఎవరిదీ కాని ఖాళీ నేల అని రాసుకుని పట్టాలు పుచ్చుకున్నారు. 1904 ఒప్పందంతో మసాయిల మేత భూములూ పోయాయి. చుట్టాల ఊళ్ల నుంచి తిరిగొచ్చినవాళ్లకు తమ చేల చుట్టూ కంచె కనిపించింది. లోపలికి రావాలంటే ఆ కంచె కట్టినవాడి దగ్గరే కూలికి కుదరాలన్నారు.